ఒక పెట్టెలో ఒకటే బ్యాచ్: పచ్చళ్ల సప్లయర్‌గా నాకు బాగా నచ్చిన రూలు

సూపర్‌మార్కెట్ చైన్‌కి సరుకు వేయడం మొదలుపెట్టగానే ప్యాకింగ్, డెలివరీ రూల్స్ అని ఒక పెద్ద ఫైలు పంపిస్తారు. జార్ మీద బార్‌కోడ్, ఎంఆర్‌పీ, పచ్చ చుక్క, ఆహార భద్రత చూసే కేంద్ర సంస్థ ఎఫ్ఎస్ఎస్ఏఐ ఇచ్చే 14 అంకెల లైసెన్స్ నంబరు, ఐదు ప్లై అట్టపెట్టె, స్లాట్ బుక్ చేసుకుని బండి పంపడం, ఇవన్నీ ఈ లైన్‌లో ఉన్నవాళ్లకి తెలిసినవే కాబట్టి వాటి జోలికి పోను. నేను రాయాలనుకున్నది ఒక్క రూలు గురించి. ఒక పెట్టెలో ఒకటే బ్యాచ్ ఉండాలి, ఆ బ్యాచ్ నంబరు, ఎక్స్‌పైరీ డేటు పెట్టెకి పక్కపక్కనే ఉన్న రెండు వైపులా లేబుల్ మీద కనపడాలి. గుంటూరులో ఉన్న మా యూనిట్ నుంచి మేడ్చల్ వైపున్న వాళ్ల వేర్‌హౌస్‌కి నాలుగేళ్లకు పైగా ఆవకాయ, గోంగూర, పండుమిరప పచ్చడి పంపిస్తున్నాం. ఆ ఫైలు మొత్తంలో ఈ రూలు చేసినంత మేలు మాకు ఇంకేదీ చేయలేదు.

రెండు వైపులా ఎందుకు అంటే, ప్యాలెట్ మీద, అంటే సరుకు పేర్చే చెక్క పలక మీద, పెట్టెలు పేర్చాక ఒక వైపే లేబుల్ ఉంటే సగం పెట్టెల లేబుల్ లోపలికి వెళ్లిపోతుంది, పేర్చినవి దించకుండా చదవలేరు. పక్కపక్క వైపులు రెండూ అంటిస్తే పెట్టెని ఎటు తిప్పి పెట్టినా చాలావరకు ఏదో ఒకటి బయటికి ఉంటుంది. హమాలీలు హడావుడిలో దించేటప్పుడు ఈ తేడా ఎంతో తెలుస్తుంది.

వాళ్లు ఇంకో మెలిక కూడా పెట్టారు. మాకు బ్యాచ్ అంటే పచ్చడి కలిపిన రోజు. ఒకసారి కలిపింది రెండు మూడు రోజులు ప్యాక్ చేస్తాం, అన్నిటికీ అదే నంబరు. వాళ్లు ఒప్పుకోలేదు, ప్యాకింగ్ రోజు మారితే నంబరు చివర ఒక అక్షరం మారాలన్నారు. మొదటి రోజుది ఏ, రెండో రోజుది బి, అలా. అప్పట్లో మా బావమరిది "బావా, కలిపింది ఒక్కటే కదా, లోపలున్న పచ్చడి ఒక్కటే కదా, ఈ ఏబీసీడీల గోల మనకెందుకు" అని చాలాసార్లు అన్నాడు. నాకూ దాని ఉపయోగం ఏంటో అప్పటికి కనపడలేదు, కానీ అడిగారు కాబట్టి చేశాం.

అసలు సంగతి ఒక మే నెలలో జరిగింది. పొద్దున్నే ఆ చైన్‌లో మా పచ్చళ్ల కొనుగోలు చూసే కేటగిరీ మేనేజర్ ఫోన్, "సార్, మీ ఆవకాయ జార్లు కూకట్‌పల్లి స్టోర్‌లో నూనె కారుతున్నాయట, షెల్ఫ్ అంతా జిడ్డు, ఫొటోలు పంపించారు" అని. మధ్యాహ్నానికి ఇంకో స్టోర్ నుంచి అదే మాట. పచ్చళ్ల వాళ్లకి ఇంతకంటే టెన్షన్ పెట్టే ఫోన్ ఉండదు. నూనె ఒక్క జార్‌లోంచి కారితే ఆ పెట్టె అట్ట మెత్తబడుతుంది, దాని మీదున్న బరువుకి అది కుంగుతుంది, పక్క జార్ల లేబుళ్లు కూడా పాడవుతాయి. పైగా అది సీజన్, వేర్‌హౌస్‌లో మా సరుకు నిండుగా ఉంది.

అంతకు ముందు ఒక స్టాకిస్టు దగ్గర ఇలాంటిదే ఒకటి జరిగింది. అక్కడ పెట్టెల మీద మా పేరు, ఐటమ్ పేరు తప్ప ఏమీ ఉండేది కాదు, ఆయన అలాగే చాలన్నాడు. కారినవి కొన్ని జార్లే, కానీ ఏ పెట్టె ఏ లాట్‌దో తేల్చే దారి లేక ఆయన గోడౌన్‌లో ఉన్న మొత్తం ఆవకాయ వెనక్కి వేశాడు. మంచి సరుకు కూడా రెండుసార్లు ప్రయాణం చేసి వచ్చింది, దింపుడు కూలీ మాదే, రవాణా మాదే. ఈసారి కూడా అంతేనని లెక్కలు వేసుకుంటూ కూర్చున్నాను.

ఫొటోల్లో జార్ల నంబర్లు చూస్తే రెండు స్టోర్లలోనూ కారినవన్నీ ఒకే బ్యాచ్, చివర సి. ఏ, బి అక్షరాలవి ఒక్కటి కూడా లేవు. అంటే పచ్చడిలో తేడా కాదు, మూడో రోజు ప్యాకింగ్‌లోనే ఏదో మారింది. రిజిస్టర్ తీస్తే ఆ రోజు కొత్త లాట్ మూతలు తెరిచినట్టు ఉంది. మేం వాడేది పెట్ అనే ప్లాస్టిక్ జార్, మూత లోపల అల్యూమినియం రేకున్న పల్చటి బిళ్ల ఉంటుంది, దాన్ని వ్యాడ్ అంటారు, ఇండక్షన్ మెషిన్ కింద అది వేడెక్కి జార్ అంచుకి అతుక్కుంటుంది. ఆ వ్యాడ్ అడుగున ఉండే పొర జార్ ఏ ప్లాస్టిక్‌దైతే దానికి తగ్గది ఉండాలి. మిగిలిన మూతలు విప్పి చూస్తే ఆ లాట్‌లో కొన్నిటికి వేరే ప్లాస్టిక్ డబ్బాలకి వాడే వ్యాడ్ వచ్చింది. ప్యాక్ చేసిన రోజు అతుక్కున్నట్టే ఉంటుంది, రాత్రంతా తలకిందులుగా పెట్టి చూసినా కారలేదు, మేం ప్రతి ప్యాకింగ్‌కీ ఆ పరీక్ష చేస్తాం. కానీ మే నెల ఎండలో బండిలో నూనె వేడెక్కి పొంగేసరికి అది అంచు నుంచి లేచిపోయింది. మూతల వాళ్లు ఆ లాట్ వెనక్కి తీసుకుని డబ్బులు సర్దుబాటు చేశారు, అది వేరే సంగతి.

నేను వేర్‌హౌస్‌లో ఇన్‌వర్డ్, అంటే లోపలికి వచ్చే సరుకు, చూసే అబ్బాయికి ఫోన్ చేశాను. "అన్నా, బ్యాచ్ నంబర్ చెప్పు, సిస్టమ్‌ల బ్లాక్ చేస్త, మిగతాది నడుస్తది" అన్నాడు. అంతే! సి పెట్టెలు ప్యాలెట్ల మీద నుంచి లేబుల్ చూసి పక్కకి తీశారు, ఏ, బి పెట్టెలు ఆ సాయంత్రమే స్టోర్లకి వెళ్లాయి. సీజన్‌లో మా ఆవకాయ షెల్ఫ్ మీద నుంచి ఒక్క రోజు కూడా మాయం కాలేదు. నష్టం మూడో రోజు ప్యాకింగ్ వరకే ఆగింది. ఎఫ్ఎస్ఎస్ఏఐ 2017లో ఫుడ్ రీకాల్ నిబంధనలు తెచ్చింది, సరుకులో తేడా వస్తే ఏది ఎక్కడికి వెళ్లిందో చెప్పి వెనక్కి తేగలగాలి అని. కాగితం మీద చదివినప్పుడు పెద్ద కంపెనీల వ్యవహారం అనిపించేది. ఆ రోజు నుంచి మా స్టాకిస్టులకి వెళ్లే పెట్టెలకి కూడా, వాళ్లు అడగకపోయినా, ఇవే లేబుళ్లు వేస్తున్నాం.

ఇంత మెచ్చుకున్నాక కొన్ని మాటలు చెప్పాలి. పక్కకి తీయడం అంత సులువుగా జరిగింది వేర్‌హౌస్‌లోనే. స్టోర్‌లో పెట్టె విప్పి జార్లు షెల్ఫ్ మీద పెట్టాక లేబుల్ పని అయిపోయినట్టే, అక్కడ పాతవీ కొత్తవీ కలిసిపోతాయి. స్టోర్లలో సి జార్లు ఏరడానికి మా సేల్స్ కుర్రాడు ఒక్కో జార్ తిప్పి అడుగున నంబరు చదువుకుంటూ తిరిగాడు. కొన్ని దొరకలేదు, అవి అమ్ముడైపోయాయి, కస్టమర్ కేర్ నంబరుకి ఫోన్ చేసినవాళ్లకి వేరే జార్లు పంపించాం.

లేబుల్ ఖర్చు కూడా ఉంది. ముందు చవకగా వస్తుందని డైరెక్ట్ థర్మల్ లేబుళ్లు వాడేవాళ్లం, అంటే సిరా రిబ్బన్ లేకుండా కాగితమే వేడికి నల్లబడే రకం. ఎండాకాలం బండిలో అవి మొత్తం నల్లగా మారేవి, నూనె చెయ్యి తగిలితే అక్షరాలు వెలిసేవి, చదవలేకపోతే ఇన్‌వర్డ్‌లో ఆపేస్తారు. ఇప్పుడు రిబ్బన్ ప్రింటర్ కొన్నాం. పచ్చళ్లు, నెయ్యి, నూనె సరుకు వేసేవాళ్లు మొదటి నుంచే రిబ్బన్‌ది తీసుకోవడం మంచిది.

అన్నిటికంటే కష్టం మిగులు జార్లది. పెట్టెకి 12 జార్లు. 500 జార్లు ప్యాక్ చేస్తే 41 పెట్టెలు నిండి 8 మిగులుతాయి, వాటిని తర్వాతి రోజు వాటితో కలపకూడదు, నిండని పెట్టె తీసుకోరు. ఆవకాయకి ఇది ఇబ్బంది లేదు, రోజు ప్యాకింగ్‌ని 12 లెక్కకి సరిపెట్టేశాం, 504 చేస్తాం. గోంగూర అలా కుదరదు, ఆ రోజు ఆకు ఎంత దొరికితే అంతే, వేయించాక ఎంత దిగుతుందో ముందే చెప్పలేం. దానికి తోడు వేర్‌హౌస్‌కి చేరేసరికి ఎక్స్‌పైరీకి ముక్కాలు వంతు గడువు మిగిలి ఉండాలని ఇంకో రూలు. ఏడాది గడువున్న పచ్చడైతే మూడు నెలల్లోపు చేరాలి, కాబట్టి మిగిలినవి దాచి పెట్టి తర్వాత చూద్దాం అనడానికి లేదు.

మాకు యూనిట్ ముందు సొంత కౌంటర్ ఉంది కాబట్టి మిగులు అక్కడ అమ్ముడుపోతుంది. మావి మూడు నాలుగు రకాలే, ఒక్కో రకం పెద్ద మొత్తంలో చేస్తాం, అందుకే ఈ రూలు మాకు కలిసొచ్చింది. ఇంట్లోనే పదిహేను రకాల పొడులు కొంచెం కొంచెంగా చేసి వేసే ఒక అక్క నాతో అన్నారు, "మీకు బానే ఉంటుంది తమ్ముడూ, నాకు ప్రతి రకంలో సగం పెట్టె మిగిలిపోతుంది" అని. ఆవిడ లెక్క తప్పు కాదు, ఆవిడ స్థానంలో ఉంటే నేను కూడా ఈ చైన్‌కి రెండు రకాలే వేసి మిగతావి వేరే చోట అమ్ముకునేవాడిని. పెట్టెకి 12 బదులు 6 జార్లు ఒప్పుకునే చైన్ దొరికితే అలాంటివాళ్లకి సగం బాధ తప్పుతుంది, చేరే ముందే కేస్ సైజు గురించి అడగండి, ఒకసారి సిస్టమ్‌లో ఎక్కాక మార్చడం చాలా కష్టం.

గోంగూరకి మాత్రం 6 జార్ల పెట్టె కావాలని మేం మెయిల్ పెట్టాం. కొత్త ఐటమ్ కోడ్ తీయాలి, చూస్తాం అన్నారు, ఇంకా తేలలేదు.