చిమ్నీ కొంటున్నారా? పైపు సంగతి తేలకుండా డబ్బులు కట్టకండి

మొన్న సంక్రాంతికి అరిసెలు వండుదామని అటక మీద నుంచి మూకుడు దింపాను. దాన్ని న్యూస్ పేపర్‌లో చుట్టి పెట్టాను ఎప్పుడో. ఆ పేపర్ మిర్చి బజ్జీలు కట్టి ఇచ్చిన కాగితంలా నూనె పీల్చుకుని, అవతల వైపు అక్షరాలు కనపడేంత పలచగా అయిపోయింది. పక్కన ఉన్న ఇత్తడి గుండిగ మూత మీద వేలు పెడితే వేలు అతుక్కుంది. పైన చెక్క మీద తేనె రంగులో చుక్కలు, ఇదిగో పడతాం అన్నట్టు వేలాడుతున్నాయి. ఇల్లు కట్టింది మొన్ననే కదా, ఇంత జిడ్డు ఎక్కడిదా అని టార్చి వేసి చూస్తే అసలు విషయం బయటపడింది. మా చిమ్నీ పైపు గోడ కన్నం నుంచి ఊడిపోయి అటక లోపల వేలాడుతోంది. అయిదు నెలలుగా మేం వేసిన ప్రతి పోపు, వేయించిన ప్రతి చేప ముక్క పొగా బయటికి కాదు, మా అటకలోకే వెళ్తోందన్నమాట.

మాది హైదరాబాద్‌లో కొత్త ఫ్లాట్. శ్రావణంలో గృహప్రవేశం పెట్టుకుని, ఆ హడావిడిలో స్టవ్, చిమ్నీ కలిపి కాంబో ఆఫర్‌లో తీసుకున్నాం. షోరూమ్ పేరూ కంపెనీ పేరూ రాయడం లేదు, ఎందుకంటే ఇది ఒక్క కంపెనీతో వచ్చిన తంటా కాదు. ఆ తర్వాత మా అపార్ట్‌మెంట్‌లో అడిగి చూస్తే, బ్రాండ్లు వేరు గానీ కథ ఇంచుమించు ఒకటే.

షోరూమ్‌లో అంతసేపూ మాట్లాడింది సక్షన్ గురించే. ఇది గంటకు 1200, అది 1500 అంటూ. నేను కూడా ఎక్కువ అంకె ఉన్నదే మంచిదనుకున్నాను. ఆ అంకె గంటకు ఎన్ని ఘనపు మీటర్ల గాలి లాగుతుందన్న లెక్క. మన వంటగది 10 అడుగుల పొడవు, 8 అడుగుల వెడల్పు, 10 అడుగుల ఎత్తు అనుకుంటే అందులో పట్టే గాలి మొత్తం 23 ఘనపు మీటర్లకు మించదు. గంటకు పదిహేను సార్లు ఆ గాలి మొత్తాన్ని మార్చినా 350 చాలు. మన వేపుళ్ళకీ, ఎండుమిరపకాయల ఘాటుకీ ఇంకాస్త ఎక్కువ కావాలని రెట్టింపు వేసుకున్నా 700. అంటే 1200 కూడా మనకు ఎక్కువే. కానీ డబ్బా మీద రాసే అంకె మెషీన్ గొప్పే తప్ప, మన ఇంట్లో పైపు బిగించాక వచ్చే లాగుడు కాదు. పైపు సన్నమైతే, మెలికలు ఎక్కువైతే ఆ 1200 ఎక్కడికి పోతుందో ఎవరూ చెప్పరు.

మా ఇంట్లో సరిగ్గా అదే జరిగింది. చిమ్నీ పైన గాలి బయటికి వచ్చే మూతి 6 అంగుళాలు. ఇంటీరియర్ వాళ్ళు ముందే గోడకు కోర్ కటింగ్ చేయించి పెట్టిన కన్నం 4 అంగుళాలు. ఇన్‌స్టలేషన్‌కు వచ్చిన కుర్రాడు ఒక రెడ్యూసర్ తీసి 6ని 4 చేసేశాడు. "ఇబ్బందేం ఉండదా బాబూ" అంటే, "నాలుగైనా ఆరైనా లోపల పోయేది గాలే కదా మేడమ్" అన్నాడు. నేను ఊరుకున్నాను. అక్కడే తప్పు చేశాను. 6 అంగుళాల పైపు నోరు 28 చదరపు అంగుళాలు, 4 అంగుళాలది పన్నెండున్నర. సగం కూడా లేదు! పైగా రెండు చోట్ల అడ్డంగా మెలిక తిప్పాడు. మిగిలిపోయిన మడతల పైపును కోసెయ్యకుండా హార్మోనియంలా ముడిచి అటకలో దోపేశాడు. జాయింట్‌కు వేసిన టేపు ఏంటో తెలుసా? అట్టపెట్టెలకు వేసే బ్రౌన్ టేపు. ఆ వేడికి దాని జిగురు ఎండి రాలిపోయింది, పైపు ఊడిపోయింది.

అయినా మాకు తెలియలేదు. ఎందుకంటే చప్పుడు బాగానే వచ్చేది. బాగానే ఏంటి, మూడో స్పీడ్‌లో పెడితే హాల్లో టీవీ వినపడేది కాదు. పెద్ద మోటారు కదా అని మావారు మురిసిపోయారు. గాలికి దారి చాలక మెషీన్ అలా అరుస్తోందని తర్వాత అర్థమైంది. మా అత్తయ్య మాత్రం మొదటి వారమే అన్నారు, "ఇంత డబ్బు పోశారు, పోపు వేస్తే ఇంకా పడగ్గదిలో తుమ్ములొస్తున్నాయే" అని. మేం పట్టించుకోలేదు.

ఇక అసలు తలనొప్పి ఫిర్యాదు దగ్గర మొదలైంది. షోరూమ్ వాళ్ళకు ఫోన్ చేస్తే, "కన్నం చిన్నది పెట్టింది మీ ఇంటీరియర్ వాళ్ళు, వాళ్ళనడగండి" అన్నారు. ఇంటీరియర్ అతను, "నాకు చిమ్నీ మోడల్ ముందే చెప్పలేదు కదండీ" అన్నాడు. కంపెనీ వాళ్ళు ఇంకా నయం, బిల్లు పంపమన్నారు. బిల్లులో చిమ్నీ 16,990 రూపాయలు అని ఉంది తప్ప పైపు మాట లేదు. పైపుకీ, బిగింపుకీ కలిపి 2,200 ఆ కుర్రాడి సొంత నంబర్‌కే ఫోన్‌లో పంపాం, రసీదు అడగలేదు. "ఆ మెటీరియల్ మాది కాదు మేడమ్, మా బాధ్యత లేదు" అని తేల్చేశారు. మోటారుకు ఎనిమిదేళ్ళ వారంటీ అని అట్టపెట్టె నిండా రాసి ఉంటుంది. మోటారుకు ఏమీ కాలేదు మరి! పొగ వెళ్ళాల్సిన దారికి మాత్రం ఎవరి వారంటీ లేదు.

చివరికి 1915కు ఫోన్ చేశాను. అది జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్. బిల్లు, ఫొటోలు పెట్టి ఫిర్యాదు నమోదు చేస్తే వారం లోపే కంపెనీ నుంచి కదలిక వచ్చింది. ఒక సీనియర్ టెక్నీషియన్‌ను పంపారు, విజిటింగ్ చార్జీ తీసుకోలేదు. కన్నం 6 అంగుళాలకు మళ్ళీ కోయించడం, కొత్త పైపు, చెక్క తీసి పెట్టే కార్పెంటర్ కూలీ మాత్రం మా నెత్తినే పడ్డాయి. అక్కడితో కుదరకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్‌కు వెళ్దామనుకున్నాం. వస్తువు ఖరీదు 5 లక్షల లోపైతే అక్కడ ఫీజు కూడా ఉండదు.

ఆ వచ్చిన పెద్దాయన చూపించిన పని మీరూ చేసి చూడండి, రెండు నిమిషాలు పట్టదు. చిమ్నీ వేసి ఫిల్టర్ కింద న్యూస్ పేపర్ పెడితే అది టక్కున అతుక్కుని నిలబడాలి. కానీ ఈ ఒక్క పరీక్షతో సంతోషపడకండి, మా పైపు ఊడిపోయినప్పుడు కూడా పేపర్ అతుక్కునేదే. పైపు మొదలు బాగానే ఉంది కదా. అందుకని ఇంకొకరు బయటికి వెళ్ళి గాలి వచ్చే కన్నం దగ్గర చెయ్యి పెట్టాలి. అక్కడ గాలి చేతికి గట్టిగా తగలాలి. తగల్లేదంటే మధ్యలో ఎక్కడో పోతున్నట్టే. కుర్రాడు మెట్లు దిగకముందే, డబ్బులు ఇవ్వకముందే ఈ పని చేయండి. అటక చెక్క మూసేముందు పైపుకు ఫొటో తీసి పెట్టుకోండి. టేపు వెండి రంగులో ఉండే అల్యూమినియం టేపు అయ్యుండాలి, పైపును పూర్తిగా సాగదీసి మిగిలింది కోసెయ్యాలి.

ఇంటీరియర్ పని ఇంకా మొదలుకాని వాళ్ళకు ఒక మాట. ముందు చిమ్నీ మోడల్ ఖాయం చేసుకుని, దాని మూతి సైజు, స్టవ్‌కూ చిమ్నీకీ మధ్య ఎత్తు కాగితం మీద రాసి కార్పెంటర్‌కు ఇవ్వండి. గ్యాస్ స్టవ్ అయితే సాధారణంగా 65 నుంచి 75 సెంటీమీటర్లు చెబుతారు, మీ మోడల్ పుస్తకంలో ఎంత ఉందో చూసుకోండి. కప్‌బోర్డు అందంగా రావాలని మా ఎదురింటి వాళ్ళు మూడడుగులు పైకి పెట్టించారు. పొగ అందులోకి చేరేలోపే పక్కలకు పోతోంది.

"ఆటో క్లీన్ మేడమ్, మీరు ముట్టుకోనక్కర్లేదు" అన్న మాట కూడా నమ్మకండి. ఆ బటన్ నొక్కితే లోపల హీటర్ వేడెక్కి, ఫ్యాన్ దగ్గర పట్టిన జిడ్డు కరిగి కింద గిన్నెలోకి కారుతుంది. అంతే. ఆ గిన్నె పారబోయాల్సింది మనమే. ఫిల్టర్లు ఉంటే అవి కడగాల్సిందీ మనమే. నెలకు రెండు సార్లు వేడినీళ్ళు, గిన్నెల సబ్బు, కొంచెం వంటసోడా వేసి నానబెడితే స్టీలు ఫిల్టర్లు చక్కగా వదులుతాయి. బాగా వేపుళ్ళు చేసే ఇల్లయితే వారం వారం. జిడ్డు పట్టిన ఫిల్టర్ కింద మంట పెద్దది పెట్టడం నిజంగా ప్రమాదం, నూనెకు నిప్పు అంటుకుంటే అది పైపులోకి పాకుతుంది.

మా కింద ఫ్లాట్ ఆవిడ నెట్‌లో దొరికిన నంబర్‌కు ఫోన్ చేస్తే, కంపెనీ సర్వీస్ అని చెప్పి ఎవరో వచ్చారు. కాస్టిక్ సోడా నీళ్ళలో జాలీ ఫిల్టర్ ముంచాడు. అది అల్యూమినియం. బుసబుసా పొంగి, నల్లబడి, చేత్తో వంచితే విరిగేలా తయారైంది. అందుకు 1,400 తీసుకున్నాడు. సర్వీస్ నంబర్ ఎప్పుడూ వారంటీ కార్డు మీద చూసే చేయండి.

ఇంకోటి. మీ యుటిలిటీలో గ్యాస్ గీజర్ ఉంటే, చిమ్నీ వేసినప్పుడు ఇంట్లోకి గాలి వచ్చే దారి ఏదో ఒకటి తెరిచి ఉంచండి. అన్నీ మూసి చిమ్నీ వేస్తే, గీజర్‌లో గ్యాస్ మండాక బయటికి పోవాల్సిన వాయువును అది ఇంట్లోకి వెనక్కి లాగే అవకాశం ఉంది. అందులో ఉండే కార్బన్ మోనాక్సైడ్ అనే విష వాయువుకు రంగూ వాసనా ఉండవు.

ఇప్పుడు మా ఇంట్లో ఒకటో స్పీడే సరిపోతోంది, అత్తయ్య తుమ్ములు తగ్గాయి. గుండిగ మాత్రం చింతపండు పెట్టి మూడు సార్లు తోమినా అంచు దగ్గర జిడ్డు పోలేదు. నిన్న చూస్తే బయట కన్నం దగ్గర ఒక పావురం పుల్లలు తెచ్చి పెడుతోంది. కొత్తగా పెద్దది చేశాం కదా, దానికి బాగా నచ్చినట్టుంది. రెక్కల మూత బిగించే అతను రేపు వస్తానన్నాడు. బిల్లు ఇస్తేనే రమ్మన్నాను.