వెల్డింగ్ లోపాల నమూనాల సెట్: స్లాగ్ నిజం, పగులు అనుమానం

లోహంలోకి ధ్వనిని పంపి, తిరిగి వచ్చే ఎకో (ప్రతిధ్వని) ద్వారా లోపాన్ని పట్టే అల్ట్రాసోనిక్ పరికరం తన పని తాను సరిగ్గా చేస్తున్నదో లేదో చూసుకోవడానికి వీ1, వీ2 క్యాలిబ్రేషన్ బ్లాకులు (కొలతలు ముందే తెలిసిన ప్రామాణిక ఉక్కు దిమ్మలు) సరిపోతాయి. అయితే ఆ పరికరమూ, ప్రోబ్ (ధ్వనిని పంపి అందుకునే భాగం) పట్టుకున్న ఇన్‌స్పెక్టరూ, ఎదురుగా ఉన్న ప్రొసీజరూ (రాతపూర్వక పరీక్షా విధానం) కలిసి వెల్డింగులో దాగిన లోపాన్ని పట్టుకోగలవా అన్నది తేలాలంటే, ఎక్కడ ఏ లోపం ఉందో ముందే తెలిసిన వెల్డింగు కావాలి. అలా కావాలని లోపాలు పెట్టి వెల్డింగు చేసి అమ్మే ఒక సంస్థ నుంచి, శిక్షణకూ కొత్త ఫేజ్డ్ ఆరే పరికరం (ధ్వనిని ఒకేసారి అనేక కోణాల్లో పంపి తెరపై చిత్రం చూపేది) పరీక్షకూ పనికివస్తుందని మేము ఒక సెట్ తెప్పించుకున్నాం. 20 మి.మీ. మందం గల కార్బన్ స్టీల్ ప్లేట్లు, ఒక పైపు జాయింటు, ఒక టీ జాయింటు అందులో ఉన్నాయి.

అన్నిటికన్నా మెచ్చుకోదగినది బెవెల్ గోడ (వెల్డింగు కోసం వాలుగా కోసిన ప్లేటు అంచు) వెంట పెట్టిన ల్యాక్ ఆఫ్ ఫ్యూజన్, అంటే వెల్డింగు లోహం ప్లేటుతో కలిసిపోకుండా మిగిలిన చోటు. ఒక వైపు నుంచే వీ ఆకారపు గాడి తీసిన ఈ సింగిల్ వీ జాయింటులో గోడ నిలువుకు 30 డిగ్రీలు వాలి ఉంది కాబట్టి, 60 డిగ్రీల ప్రోబ్ (ధ్వనిని నిలువుకు 60 డిగ్రీల వాలులో పంపేది) నుంచి వెళ్లిన ధ్వని ప్లేటు అడుగును తాకి పైకి మళ్లినప్పుడు ఆ గోడకు లంబంగా తగులుతుంది. 45 డిగ్రీల ప్రోబ్‌తో 15 డిగ్రీల తేడా వస్తుంది. నిజమైన ల్యాక్ ఆఫ్ ఫ్యూజన్ బల్లపరుపుగా ఉంటుంది గనుక మొదటి ప్రోబ్‌తో ఎకో నిటారుగా లేచి, రెండోదానితో బాగా కుంగిపోవాలి. ఈ ప్లేటులో అచ్చంగా అదే జరిగింది. గోడ పక్కన గుండ్రటి స్లాగ్ (వెల్డింగులో చిక్కుకున్న గాజులాంటి మడ్డి) ముద్ద పెట్టి అదే పేరుతో అమ్మితే ఏ కోణంలో చూసినా ఎకోలో పెద్ద తేడా కనిపించదు, దానితో నేర్చుకున్నవారు కోణం ప్రాధాన్యాన్ని ఎప్పటికీ గ్రహించరు.

గాడిలో ఫ్లక్స్ (కరిగి స్లాగ్‌గా మారే పదార్థం) దట్టించి పైన పాస్ (ఒక వరుస వెల్డింగు) వేసి చేసిన స్లాగ్ లోపం కూడా ఎక్స్‌రే ఫిల్ముపై అంచులు చెదిరిన నల్లటి గీతగా సహజంగానే పడింది. కరిగిన లోహాన్ని గాలి నుంచి కాపాడే షీల్డింగ్ గ్యాస్ ఆపి తెప్పించిన పోరాసిటీ (బుడగల రంధ్రాలు) గురించి పెద్దగా చెప్పవలసింది లేదు.

చిక్కంతా పగులుతోనే వచ్చింది. వేరే ముక్కలో ఫెటీగ్ పద్ధతిన (పదే పదే బరువు మోపి) పగులు పెంచి, ఆ ముక్కను కోసి తెచ్చి జాయింటులో అతికి, చుట్టూ వెల్డింగు చేయడం ఈ రంగంలో పాత పద్ధతే, పగులు నిజమైనదే. కాని అతుకు శుభ్రంగా లేకపోతే అది కూడా ఎకో ఇస్తుంది. మా ఫేజ్డ్ ఆరే తెరపై పగులు కొనకు రెండు వైపులా, వెల్డింగు లోపానికి ఏమాత్రం సంబంధం లేని పెట్టె ఆకారంలో బలహీనమైన గుర్తులు కనిపించాయి. అనుభవం ఉన్న ఇన్‌స్పెక్టరు ఇక పగులును వెతకడు, పెట్టెను వెతుకుతాడు. సరఫరా సంస్థ బదులు ముక్క పంపడానికి ఒప్పుకున్నాక పాతదాన్ని అడ్డంగా కోసి, నునుపు చేసి, నైటల్‌తో (నైట్రిక్ ఆమ్లం కలిపిన ఆల్కహాల్) ఎచ్ చేసి, అంటే పైపొరను కొద్దిగా తినిపించి, చూస్తే అతుకు అంచున సన్నటి స్లాగ్ గీత కంటికే కనిపించింది. బదులుగా వచ్చిన ముక్క కొంత మెరుగు, పూర్తిగా శుభ్రం మాత్రం కాదు.

పైపు జాయింటులో రూట్ (వెల్డింగు అడుగు భాగం) పగులు అని జాబితాలో రాసినది నిజానికి స్పార్క్ ఎరోజన్‌తో (విద్యుత్ నిప్పురవ్వలతో లోహాన్ని తొలిచే పద్ధతి) కోసిన నాచ్, అంటే సన్నటి గాటు. సెన్సిటివిటీ (పరికరం ఎంత బలహీనమైన ఎకోను చూపాలన్నది) సెట్ చేసుకోవడానికి నాచ్‌ను మించినది లేదు, ఎందుకంటే దాని కొలతలు ఖాయం, ఎకో స్థిరం. కాని నాచ్ అంచుల మధ్య ఖాళీ ఉంటుంది. అసలు పగులులో, ముఖ్యంగా ఒత్తిడికి మూసుకున్నప్పుడు, ముఖాలు ఒకదాన్నొకటి తాకి ధ్వనిని కొంత దాటనిస్తాయి, ఎకో తగ్గుతుంది. నాచ్‌ను పగులు అని పిలవడం కొనేవారిని తప్పుదోవ పట్టించడమే.

పత్రాల విషయానికి వస్తే, ప్రతి నమూనాకు లోపాల పటం విడిగా సీలు వేసిన కవరులో రావడం మంచి ఆలోచన. పరీక్ష రాసేవారికి అది చిక్కదు. పగులు ఎత్తు మాత్రం 3.00 మి.మీ. అని ఉంది. ఎలా కొలిచారో, ఎంత తేడా ఉండవచ్చో లేదు. కోసి చూడకుండా ఆ రెండు సున్నాలు ఎక్కడి నుంచి వచ్చాయో మరి! ఇంకొక లోటు ఏమిటంటే, ప్రతి ప్లేటులోనూ లోపాలు సమానమైన ఎడంలో ఉన్నాయి, లోపం లేని వెల్డింగు పొడవు చాలా తక్కువ. లేని లోపాన్ని ఉందని చెప్పే అలవాటును పట్టుకోవాలంటే ఏ లోపమూ లేని భాగం తగినంత ఉండాలి.

ల్యాక్ ఆఫ్ ఫ్యూజన్, స్లాగ్ ప్లేట్లను శిక్షణకు నిస్సందేహంగా తీసుకోవచ్చు. పగులు ప్లేటును మాత్రం ప్రొసీజర్ అర్హత పరీక్షకు వాడదలచినవారు, పంపే ముందే ఆ ముక్కపై తీసిన ఫేజ్డ్ ఆరే స్కాన్ ఫైలును సరఫరాదారు నుంచి అడిగి తెప్పించుకుని, అతుకు కనిపించడం లేదని నిర్ధారించుకున్నాకే ఆర్డరు ఖరారు చేయాలి. అడిగితే ఇస్తారు, మా బదులు ముక్కతో అది వచ్చింది.