కార్డ్‌లెస్ వాక్యూమ్ క్లీనర్: తేలికైనదా, బలమైనదా? ఏది మేలు?

మొదటి కార్డ్‌లెస్ వాక్యూమ్ క్లీనర్ కొన్నప్పుడు నేను చూసింది ఒక్కటే, అట్టపెట్టె మీద ఉన్న సక్షన్ అంకె, అంటే దుమ్ము లాగే బలం. ఎంత పెద్ద అంకె ఉంటే అంత మంచిదనుకున్నాను. ఇంటికి తెచ్చాక తెలిసింది, దాని బరువు మూడు కిలోలు దాటుతుందని. అమ్మకి మణికట్టు నొప్పి ఉంది. ఒకసారి ఎత్తి చూసి మళ్లీ దాని జోలికి పోలేదు. దాన్ని నేనొక్కదాన్నే, అదీ ఆదివారాల్లోనే వాడేదాన్ని. ఇప్పుడున్నది కిలోన్నర. దానికంత బలం లేదు, కానీ రోజూ ఎవరో ఒకరి చేతిలో ఉంటుంది. ఈ రెండిట్లో ఏది ఇల్లు శుభ్రంగా ఉంచిందని అడిగితే రెండోదే అంటాను.

అసలు వైరు లేనిది కావాలా అన్నది ముందు తేల్చుకోవాలి. ఇల్లంతా మందపాటి కార్పెట్ ఉండి, వారానికి ఒకసారి గంటసేపు గట్టిగా శుభ్రం చేసే అలవాటు ఉంటే వైరు ఉన్నదే మేలు. ఛార్జింగ్ అయిపోతుందన్న టెన్షన్ ఉండదు, దుమ్ము సంచి కూడా పెద్దది. కార్డ్‌లెస్‌లో దుమ్ము డబ్బా చాలావాటికి అర లీటరు అటూ ఇటూగా ఉంటుంది. నున్నటి నేల, మూలల్లో వెంట్రుకలు, సోఫా మీద పొడి, రోజుకో పది నిమిషాల పని అయితే మాత్రం వైరు లేనిదే హాయి.

ఇక అంకెల సంగతి. వాట్లు అంటే మోటారు తినే కరెంటు, దుమ్ము లాగే బలం కాదు. యూరోపియన్ యూనియన్‌లో వైరుతో నడిచే వాక్యూమ్ క్లీనర్లకు 2014లో 1600 వాట్లు, 2017లో 900 వాట్లు మించకూడదని హద్దు పెట్టారు. దాంతోపాటే కనీసం ఇంత దుమ్ము లాగి తీరాలన్న నిబంధన కూడా పెట్టారు. తక్కువ కరెంటుతో కూడా బాగా పనిచేసే మెషీన్ చేయొచ్చు కాబట్టే ఆ రెండు షరతులూ కలిసి నిలిచాయి. పాస్కల్స్ అనే అంకె ఇంకోటి. గొట్టం మూతిని పూర్తిగా మూసినప్పుడు లోపల ఎంత లాగుడు ఉందో అది చెబుతుంది. కానీ మనం నేల మీద నడిపేటప్పుడు మూతి మూసి ఉండదు కదా, గాలి లోపలికి పోతూ ఉండాలి, ఆ గాలే దుమ్మును మోసుకెళ్లాలి. లాగుడునీ గాలి ప్రవాహాన్నీ కలిపి చెప్పేది ఎయిర్ వాట్స్. రెండు మోడళ్లను పోల్చేటప్పుడు ఒకదాని పాస్కల్స్‌ను ఇంకోదాని ఎయిర్ వాట్స్‌తో పోల్చి లాభం లేదు.

నా అనుభవంలో అంకెల కన్నా ఎక్కువ తేడా చూపించింది నేలకు ఆనే హెడ్. పాత దానికి గట్టి బ్రష్ ఉండేది. టైల్స్ మీద నడిపితే ఇసుక రేణువులు, చిన్న చిన్న గింజలు లోపలికి పోకుండా వెనక్కి ఎగిరి నా కాళ్లకే తగిలేవి. కొత్తదానికి మెత్తటి గుడ్డలాంటి రోలర్ ఉంది. అది నేలను తుడుస్తున్నట్టు వెళ్లి, పిండిలాంటి సన్నటి దుమ్మును కూడా ముందు నుంచే లాక్కుంటుంది. కార్పెట్ మీదైతే కథ తిరగబడుతుంది. అక్కడ పోగుల మధ్య దూరి దుమ్మును లేపేది గట్టి బ్రష్షే. రెండు రకాల నేలలూ ఉంటే రెండు రోలర్లూ ఇచ్చేది చూసుకోండి. ఇంట్లో పొడవాటి జుట్టు ఉన్నవాళ్లుంటే ఇంకో మాట. వెంట్రుకలు రోలర్ రెండు చివర్లా చుట్టుకుని, కొన్నాళ్లకి తాడులా బిగుసుకుపోతాయి. రోలర్ చేత్తోనే ఊడి వస్తే కత్తెరతో రెండు నిమిషాల పని. స్క్రూలు విప్పాల్సి వస్తే మాత్రం ఆ పని వాయిదా పడుతూనే ఉంటుంది.

బరువు ఎంత అన్నదే కాదు, ఎక్కడుంది అన్నది కూడా చూడాలి. మోటారు, బ్యాటరీ చేతి దగ్గర ఉండే రకంలో భారమంతా మణికట్టు మీద పడుతుంది. కానీ హెడ్ సన్నగా ఉండి మంచం కిందికి దూరుతుంది, పైకెత్తి బూజు కూడా దులపొచ్చు. మోటారు కిందే ఉండే రకం చేతికి తేలిక, చాలావరకు తనంతట తానే నిలబడుతుంది. పైకెత్తడం మాత్రం కష్టం. ఇంకో చిన్న విషయం, వాడుతున్నంతసేపూ ట్రిగ్గర్ నొక్కి పట్టుకోవాలా, ఒక్కసారి బటన్ నొక్కితే చాలా? వేళ్ల నొప్పులున్నవాళ్లకి ఇది చాలా పెద్ద తేడా. వీలైతే షాపులో ఒక నిమిషం పట్టుకుని అటూ ఇటూ నడిపి చూడండి.

'60 నిమిషాలు' అని రాసి ఉంటే అది సాధారణంగా అన్నిటికన్నా తక్కువ స్పీడ్‌లో వచ్చే లెక్క. చాలాసార్లు తిరిగే రోలర్ కూడా తగిలించకుండా చెప్పేదే. 25.2 వోల్టులు, 2.5 ఆంపియర్-అవర్ల బ్యాటరీ అనుకోండి, ఆ రెండిటినీ గుణిస్తే దాన్లో ఉండే కరెంటు 63 వాట్-అవర్లు, అంటే 63 వాట్ల మోటారును గంటసేపు నడిపేంత. బూస్ట్‌లో, అంటే అన్నిటికన్నా ఎక్కువ స్పీడ్‌లో, మోటారు 400 వాట్లు లాగితే తొమ్మిదిన్నర నిమిషాలకే ఖాళీ. బలమైన మోటారు కావాలంటే బ్యాటరీ పెద్దదవ్వాలి, బ్యాటరీ పెద్దదైతే బరువు పెరగాలి. తేలికైనదా బలమైనదా అన్న పేచీ అంతా ఇక్కడే ఉంది.

బ్యాటరీ విషయంలో మాత్రం నేను అస్సలు రాజీ పడను. లిథియం-అయాన్ బ్యాటరీ సుమారు 300 నుంచి 500 సార్లు పూర్తిగా ఛార్జ్ అయ్యాక మొదటి సామర్థ్యంలో 80 శాతానికి దిగడం మామూలే, వాడకపోయినా ఏళ్లు గడిచేకొద్దీ కొంత తగ్గుతుంది. మా మొదటి మెషీన్‌లో బ్యాటరీ లోపలే బిగించి ఉండేది. రెండున్నరేళ్లకి పావుగంట కూడా రాని స్థితికొచ్చింది. సర్వీస్‌లో అడిగితే బ్యాటరీ ఒక్కటే మార్చడం కుదరదు, బాడీ మొత్తం మార్చాలన్నారు. మోటారు ఇంకా నిక్షేపంగా తిరుగుతున్న మెషీన్‌ను పక్కన పడేయాల్సి వచ్చింది, ఆ బాధ ఇప్పటికీ ఉంది. క్లిప్ నొక్కితే బయటికొచ్చే బ్యాటరీ ఉన్నదే తీసుకోండి. అలాంటిదైతే రెండో బ్యాటరీ కొనుక్కుని తేలికైన మెషీన్‌తోనే పెద్ద ఇల్లు కూడా పూర్తి చేయొచ్చు.

ఇంట్లో ఉబ్బసం, డస్ట్ ఎలర్జీ ఉన్నవాళ్లుంటే నా తూకం మారుతుంది. అప్పుడు బరువు కాస్త ఎక్కువైనా, కంటికి కనపడనంత సన్నటి దుమ్మును కూడా ఆపే హెపా ఫిల్టర్ ఉన్నదే మేలు. 0.3 మైక్రాన్ల కణాలను 99.97 శాతం ఆపుతుందని చెప్పే ఫిల్టర్ ఉన్నా, దాని పక్క సందుల్లోంచి గాలి తప్పించుకుంటే ప్రయోజనం లేదు. అందుకే మెషీన్ మొత్తం సీల్ అయి ఉందో లేదో అడగండి. డబ్బా ఖాళీ చేసేటప్పుడు లేచే దుమ్ము కూడా తక్కువేం కాదు. మేం డబ్బాను కవర్‌లోకి దించి, కవర్ మూతిని చేత్తో పట్టుకుని అప్పుడు మూత తీస్తాం. ఆ పని ఎలర్జీ లేనివాళ్లు చేస్తే మంచిది.

కొనే ముందు ఆ మోడల్‌కి బ్యాటరీ, ఫిల్టర్, రోలర్ విడిగా దొరుకుతాయేమో వెతకండి. మూడిట్లో బ్యాటరీ దొరక్కపోతే ఎంత బాగున్నా వదిలేయండి.