భూమి ఇచ్చిన ఉగాండా, సిమ్ కార్డు ఇచ్చిన కెన్యా: కరువు కాలంలో శరణార్థులకు ఏది మేలు?

దక్షిణ సూడాన్ యుద్ధం నుంచి పారిపోయినవాళ్లలో కొందరు దక్షిణంగా నడిచి ఉగాండా చేరారు, కొందరు ఆగ్నేయంగా కెన్యాలోని తుర్కానా కౌంటీకి (మన జిల్లా లాంటిది) చేరారు. పారిపోయింది ఒకే యుద్ధం నుంచి, దొరికిన బతుకులు మాత్రం వేరు. ఉగాండా చేతికి భూమి చెక్క ఇచ్చి, ఎక్కడికైనా వెళ్లి పని చేసుకోమంది. కెన్యా దశాబ్దాల పాటు శిబిరం దాటొద్దంది. 2016లో కలోబెయీ అనే కొత్త స్థావరం తెరిచాక, అక్కడ తిండి గింజలకు చాలావరకు బదులుగా ఫోను సిమ్‌లో డబ్బు వేశారు.

ఉగాండా పద్ధతిని మెచ్చుకునేవాళ్లు ముందుగా భూమి గురించి చెబుతారు. నా దృష్టిలో ఆ పద్ధతిలో అసలు బలం భూమి కాదు, తిరిగే స్వేచ్ఛ. వానలు గతి తప్పుతున్నకొద్దీ ఈ తేడా ఇంకా పెద్దదవుతోంది.

22 సెంట్ల లెక్క

ఉగాండా 2006 శరణార్థుల చట్టం, 2010 నిబంధనలు కలిసి శరణార్థికి పని చేసుకునే హక్కు, దేశంలో తిరిగే హక్కు ఇచ్చాయి. వాటికి తోడు ఇల్లు కట్టుకోవడానికి, సాగు చేసుకోవడానికి కొంత స్థలం కూడా ఇస్తారు. వాయవ్య ఉగాండాలోని వెస్ట్ నైల్ ప్రాంతం యుంబే జిల్లాలో 2016 ఆగస్టులో బిడిబిడి అనే శరణార్థుల స్థావరం తెరిచారు. నాలుగైదు నెలల్లోనే రెండున్నర లక్షల మందికి పైగా వచ్చేశారు, ఆ డిసెంబరులో కొత్తవాళ్లను చేర్చుకోవడం ఆపేశారు. జనం పెరిగినకొద్దీ స్థలం చిన్నదైంది. తొలుత అనుకున్న 50 మీటర్లు × 50 మీటర్ల ముక్క (సుమారు 62 సెంట్లు) చాలాచోట్ల 30 × 30కి, అంటే సుమారు 22 సెంట్లకు దిగింది.

ఇల్లు, వంటపాక, మరుగుదొడ్డి, రాకపోకల దారి పోగా 22 సెంట్లలో సాగుకు మిగిలేది పదహారు సెంట్లు. మొక్కజొన్న ఎకరాకు 8 క్వింటాళ్లు పండిందనుకుందాం. వర్షాధారంగా, ఎరువు లేకుండా అది మంచి దిగుబడే. అలాగైనా చేతికొచ్చేది 130 కిలోలు. మనిషికి రోజుకు 400 గ్రాముల గింజలు లెక్కిస్తే ఐదుగురి కుటుంబానికి నెలకు 60 కిలోలు కావాలి. మంచి పంట వచ్చినా రెండు నెలల తిండి అన్నమాట. రాళ్ల నేల పడ్డవాళ్లకు అదీ రాదు. కాబట్టి ఈ ముక్కను కూరగాయల పెరడుగా చూడాలి గానీ, కుటుంబాన్ని పోషించే పొలంగా చూసి రేషన్ తగ్గించడం తప్పు. 2023లో కుటుంబాలను మూడు తరగతులుగా విడదీసి, కాస్త నిలదొక్కుకున్నాయనుకున్న కుటుంబాలకు రేషన్ పూర్తిగా ఆపారు. 2025లో నిధులు లేక దాదాపు 10 లక్షల మందిని ఆహార సాయం జాబితా నుంచి తీసేశారు. పదహారు సెంట్ల మొక్కజొన్న ఆ లోటు పూడ్చలేదు.

వానలు ఆలస్యమైనప్పుడు దెబ్బ ముందు విత్తనం మీద పడుతుంది. తొలి జల్లుకు విత్తేస్తారు, తర్వాత రెండు మూడు వారాలు చినుకు ఉండదు, మొలక మాడిపోతుంది. రెండోసారి విత్తడానికి గింజలుండవు. సాయంగా వచ్చే విత్తనాలు వానకు మూడు వారాల ముందు అందకపోతే విత్తు కావు, కూడవుతాయి. ఆకలితో ఉన్న ఇంట్లో అదే జరుగుతుంది, అందులో తప్పు పట్టాల్సింది ఏమీ లేదు. ఒకేసారి మొత్తం కిట్ ఇవ్వకుండా, మూడో వంతు గింజలను మళ్లీ విత్తడానికని గుంపు దగ్గర దాచి ఉంచడం మేలు.

నిలదొక్కుకున్న కుటుంబాలను చూస్తే చాలావరకు అవి సొంత ముక్క మీద ఆధారపడలేదు. స్థానికుల దగ్గర ఒకటి రెండు ఎకరాలు కౌలుకు తీసుకున్నాయి, లేదా ఇంట్లో ఒకరు పట్నానికి పనికి వెళ్లారు. రెండూ స్వేచ్ఛ వల్ల వచ్చినవే. కౌలులో తరచూ చెడేది నోటిమాట ఒప్పందం. పొదలు కొట్టి, చదును చేసి, ఒక పంట తీశాక భూమి బాగుపడిందని యజమాని వెనక్కి తీసుకుంటాడు. వెస్ట్ నైల్ భూములు ఎక్కువగా వంశాల ఉమ్మడి ఆస్తి. ఒకరు ఇస్తామన్నా మరొకరు కాదనవచ్చు. అందుకే వంశ పెద్ద, గ్రామ స్థాయి స్థానిక మండలి అధ్యక్షుడు ఇద్దరూ సాక్షి సంతకం పెట్టిన కాగితం, కనీసం నాలుగు పంటల గడువు ఉండాలి. ఒక్క పంటకు కౌలు తీసుకుంటే నేల బాగుచేసిన శ్రమ ఊరికే పోతుంది.

కలోబెయీ: వాన లేని చోట భూమి ఎందుకు?

అనంతపురంలో ఏడాదికి సుమారు 550 మిల్లీమీటర్ల వాన పడుతుంది. తుర్కానాలో చాలాచోట్ల అందులో సగం కూడా పడదు. పైగా 2020 చివరి నుంచి 2022 చివరి దాకా ఈ ప్రాంతంలో వరుసగా ఐదు వానాకాలాలు తప్పాయి. కెన్యాలో 25 లక్షలకు పైగా పశువులు చచ్చిపోయాయి. ఇలాంటి చోట శరణార్థికి 22 సెంట్లు ఇచ్చి దున్నుకోమంటే మోసం చేసినట్టే. ఇక్కడ స్థానికులే మేకలు, ఒంటెలు మేపుకుంటూ తిరిగే జనం.

అందుకే కకుమా శిబిరం పక్కన కలోబెయీని ఊరులా ప్లాన్ చేశారు. తుర్కానా కౌంటీ సుమారు 1,500 హెక్టార్లు ఇచ్చింది. శరణార్థులు, స్థానికులు ఒకే బడిలో, ఒకే ఆసుపత్రిలో, ఒకే బజారులో ఉండాలని ఆలోచన. తిండికి ‘బాంబా చకులా’ అనే పద్ధతి పెట్టారు. తొలి ఏళ్లలో నెలనెలా సిమ్‌లో డబ్బు పడేది, దాన్ని నమోదైన దుకాణాల్లో ఆహారానికే వాడాల్సి ఉండేది. ఆ దుకాణదారుల్లో శరణార్థులూ ఉన్నారు, తుర్కానావాళ్లూ ఉన్నారు. స్థానికుడికి శరణార్థి గిరాకీ అయ్యాడు. 2016లో ప్రపంచ బ్యాంకు వేసిన అంచనా ప్రకారం కకుమా శరణార్థుల వల్ల తుర్కానా ప్రాంతీయ ఉత్పత్తి 3.4 శాతం పెరిగింది.

లోపం కూడా ఈ బజారులోనే ఉండేది. డబ్బు నెలకు ఒకసారి వచ్చేది, నెల సగం కాకముందే అయిపోయేది. దుకాణదారు అరువిచ్చేవాడు, హామీగా సిమ్ తన దగ్గర పెట్టుకునేవాడు. మరుసటి నెల డబ్బు నేరుగా అతని ఖాతాలోకి పోయేది. పక్క దుకాణంలో పప్పు చవగ్గా దొరికినా కొనలేకపోయేవారు, ధర అడిగే ధైర్యం కూడా ఉండేది కాదు. చెల్లింపు ఆలస్యమైతే అప్పు ఇంకా పెరిగేది. దీనికి మందు మూడు చోట్ల ఉంది. నమోదైన దుకాణాలకే కట్టిపడేయకుండా ఎక్కడైనా వాడుకునే నగదు ఇవ్వాలి, చెల్లింపు తేదీ తప్పకూడదు, మొదటిసారి పాత బాకీ తీరేంత మొత్తం వేయాలి. ఈ మూడోది లేకపోతే మొదటి రెండూ పెద్దగా ఉపయోగపడవు.

ఇంకా పెద్ద లోపం చట్టంలో ఉండేది. శిబిరం బయటికి వెళ్లాలంటే పాస్ కావాలి. కరువు వచ్చి పని లేకపోతే స్థానికుడు నైరోబీ వెళ్తాడు, శరణార్థి వెళ్లలేడు. 2021 చట్టం పనికి దారి తెరిచింది. 2025 మార్చిలో ప్రకటించిన షిరికా ప్రణాళిక కకుమాను, తూర్పు కెన్యాలోని దాదాబ్ శిబిరాలను మామూలు పట్నాలుగా మారుస్తానంటోంది. కానీ తిరిగే హక్కు చేతికి రాకుండా పట్నం అని పేరు మార్చితే ఏం ఒరుగుతుంది?

కట్టెల దగ్గరే తగాదా

స్థానికులకూ శరణార్థులకూ మధ్య గొడవ చాలాచోట్ల వంటచెరకు దగ్గర మొదలవుతుంది. ఈ విషయంలో రెండు దేశాలూ ఆలస్యంగానే మేల్కొన్నాయి. వెస్ట్ నైల్‌లో నూనెగింజలిచ్చే షియా చెట్లు కూడా పొయ్యిలోకి పోయాయి. అవి స్థానిక ఆడవాళ్ల ఆదాయం, కోపం రాకుండా ఎలా ఉంటుంది?

ఉగాండాలో మట్టి పొయ్యిలు నేర్పారు, అది మంచి పని. పుట్టమన్నులో సన్నగా తరిగిన ఎండుగడ్డి కలిపి, నీళ్లు పోసి తొక్కి, కొన్నాళ్లు మాగబెడతారు. కట్టె పెట్టే నోరు, పొగ దారి ఏర్పడేలా అరటి బోదె ముక్కలు అచ్చుగా పెట్టి చుట్టూ మన్ను మెత్తుతారు. తర్వాత బోదె తీసేస్తారు, లేదా అదే కుళ్లి పోతుంది. మూడు నాలుగు వారాలు నీడన ఆరాలి. ఆగలేక వారానికే మంట పెడితే బీటలిస్తుంది. కుండ పొయ్యి రంధ్రంలో బిగువుగా కూర్చోవాలి. సాయంలో వచ్చిన అల్యూమినియం గిన్నె పోయి వేరే సైజుది కొంటే పొగంతా ఇంట్లోకే వస్తుంది, మళ్లీ మూడు రాళ్ల పొయ్యికి పోతారు. అందుకే పొయ్యి నేర్పేటప్పుడే ఆ ఇంట్లోని గిన్నె కొలత తీసుకోవాలి.

కకుమాలో మరో దారి పట్టారు. కట్టెలను స్థానిక సంఘాల దగ్గర కొని శరణార్థులకు పంచారు. అక్కడ విచ్చలవిడిగా పెరిగిన ప్రొసోపిస్ మన సర్కారు తుమ్మే. దాన్ని కొట్టించడం వల్ల స్థానికులకు కూలీ వస్తుంది, పచ్చిక బయలు తెరుచుకుంటుంది. కానీ నేలకు పైన నరికితే మొదలు నుంచి నాలుగు పిలకలు లేస్తాయి. జానెడు లోతున వేరు మొదలు తీయాలి. కాయలు మేకలకు మొత్తంగా వేస్తే పెంటికల్లో విత్తనాలు ఊరంతా చిమ్ముతాయి, పిండి చేసి వేయాలి. ఇంత శ్రద్ధ పెడితే ఉగాండా పొయ్యి కంటే కకుమా కొనుగోలే మేలని నా అభిప్రాయం, ఎందుకంటే అందులో స్థానికుడికి నేరుగా డబ్బుంది.

ఈ ఒక్క విషయంలో ఈ రెండింటి కంటే బంగ్లాదేశ్ ముందుంది. 2017లో ఏడు లక్షలకు పైగా రోహింగ్యాలు వచ్చినప్పుడు కాక్స్ బజార్ కొండల అడవి నెలల్లో మాయమైంది. 2018 నుంచి గ్యాస్ సిలిండర్లు ఇచ్చారు, చుట్టుపక్కల స్థానిక కుటుంబాల్లో కొన్నింటికి కూడా. నరుకుడు బాగా తగ్గి, నాటిన మొక్కలు నిలిచాయి, కొండచరియల ప్రమాదమూ కొంత తగ్గింది. మిగతా విషయాల్లో ఆ పద్ధతిని మెచ్చుకోలేం. చుట్టూ కంచె వేశారు, పని హక్కు ఇవ్వలేదు. 2020 డిసెంబరు నుంచి భసన్ చర్ దీవికి తరలింపులు మొదలుపెట్టారు. దీవి చుట్టూ కట్ట ఎత్తు పెంచారు, తుపాను షెల్టర్లు కట్టారు. కట్ట నీటిని ఆపుతుంది గానీ, సముద్రం మధ్య మట్టిదిబ్బ మీద పనిచ్చే ఊరు లేదు.

ఎక్కడ ఏది

ఏడాదికి 900 మిల్లీమీటర్లకు పైగా వాన నమ్మకంగా పడే చోట, భూమి గల వంశాలు ఒప్పుకుంటే ఉగాండా దారి. ఎండు నేలల్లో కలోబెయీ దారి, కానీ ఉగాండా చట్టంతో కలిపి. ఉగాండాలో శరణార్థులకు వచ్చే సాయంలో 30 శాతం స్థానికులకు వెళ్లాలనే నియమం ఉంది. ఏ పద్ధతికైనా అది ఉండాల్సిందే. అయితే మొదటి ఏడాదిలోనే స్థానికుడి కళ్లెదుట బోరో బడో కనబడాలి. మూడో ఏట భవనం కడతామంటే ఎవరూ నమ్మరు.

స్థలం ఎంచుకునేటప్పుడే వరద దారి చూడాలి. 2023 చివర ఎల్ నినో వానలకు, ఎప్పుడూ కరువుతోనే గుర్తొచ్చే దాదాబ్ శిబిరాలు నీట మునిగాయి. మరుగుదొడ్ల గుంతలు పొంగితే కలరా వస్తుంది. ఎండిన వాగు ఒడ్డున గుడారం వేయకూడదు, బావికి మరుగుదొడ్డికి మధ్య కనీసం 30 మీటర్లు ఉండాలి.

నీటి విషయంలో ఉగాండాను చూసి కెన్యా నేర్చుకోవచ్చు. బిడిబిడి కింద గట్టి రాతి పొర, చాలా బోర్లకు నీళ్లు పడలేదు. మొదట్లో ట్యాంకర్లే దిక్కు. మనిషికి రోజుకు 20 లీటర్ల లెక్కన రెండున్నర లక్షల మందికి 50 లక్షల లీటర్లు కావాలి. 10,000 లీటర్ల ట్యాంకర్లు రోజుకు 500 ట్రిప్పులు తిరగాలి, వాన పడితే మట్టి రోడ్డు మీద అవీ ఆగిపోతాయి. నీళ్లు బాగా ఊరే బోర్లను వెతికి సోలార్ పంపులు బిగించి పైపులు వేశాక ఖర్చు దిగింది. తర్వాత చాలా స్థావరాల్లో ఈ పథకాలను ప్రభుత్వ నీటి సంస్థలకు అప్పగించడం మొదలుపెట్టారు. శరణార్థి, స్థానికుడు ఒకే కుళాయికి ఒకే ధర కడతారు. ఆ డబ్బు విడిగా ఖాతాలో ఉండి, కాలిపోయిన మోటారు వారంలో మార్చగలిగితేనే ఇది నడుస్తుంది. ధర మొదటి రోజు నుంచే, చిన్నదైనా సరే, పెట్టాలి. మూడేళ్లు ఉచితంగా ఇచ్చి నాలుగో ఏట బిల్లు చూపిస్తే ఎవరూ కట్టరు, ఆడవాళ్లు బిందెలతో మళ్లీ వాగుకే పోతారు.