గొంతు స్వాబా, మూత్ర పరీక్షా?

ఓరల్ సెక్స్ తర్వాత టెన్షన్ పడి అమీర్‌పేటలో ఏదో ల్యాబ్‌కు వెళ్తే, మూత్ర పరీక్ష సులువు. సిగ్గుపడే పనీ లేదు. కానీ గనోరియా (సెక్స్‌తో అంటుకునే ఒక జబ్బు) గొంతులో ఉంటే అది మూత్రంలో దొరకదు. చాలామందికి గొంతులో నొప్పి కూడా ఉండదు. ఉన్నా వాతావరణం మీదకు నెట్టేస్తాం.

స్వాబ్‌తో (గొంతులో దూదిపుల్ల రాసి నమూనా తీస్తారు) ఒక్క క్షణం వాంతి వచ్చినట్టవుతుంది, అంతే. నోటితో చేసినవాళ్లకు నా ఓటు దీనికే. డాక్టర్‌కు విషయం విప్పి చెప్పాలి మరి, అసలు కష్టం అక్కడే! నోటితో చేయించుకున్న మగవాళ్లకైతే మూత్రం చాలు.

సిఫిలిస్‌, హెచ్‌ఐవీలకు మాత్రం రక్తం ఇవ్వాల్సిందే. ఓరల్‌తో హెచ్‌ఐవీ ముప్పు చాలా తక్కువ, సిఫిలిస్‌కు ఆ భరోసా లేదు. హెచ్‌ఐవీపై సందేహాలుంటే 1097కు ఉచితంగా ఫోన్ చేయొచ్చు.