‘మెరైన్’ అన్న ముద్ర చూసి ప్లైవుడ్ కొనేయకండి, నా హ్యాచ్ మూత రెండేళ్ళకే కుళ్ళింది

పడవ డెక్ మీద హ్యాచ్ (లోపలికి దిగే ద్వారం) మూతలు సొంతంగా చేసుకుందామనుకునేవాళ్ళు ప్లైవుడ్‌కి డబ్బు కట్టేముందు ఇది చదవండి.

నేను మూడు మూతలు చేశాను. 12 మిల్లీమీటర్ల ప్లైవుడ్, దాని మీద ఫైబర్‌గ్లాస్ క్లాత్, ఎపాక్సీ (రెండు ద్రవాలు కలిపితే గట్టిపడే జిగురు), పైన పెయింటు. చూడ్డానికి భలే ఉండేవి. రెండో ఏడు ముందువైపు మూత మీద కాలు వేస్తే మెత్తగా కిందికి దిగింది. స్క్రూడ్రైవర్ పిడితో తడుతూ పోతే కొన్నిచోట్ల గట్టిగా టక్కుమంటోంది, కొన్నిచోట్ల డొల్లగా మోగుతోంది. ఒక మూల ఫైబర్‌గ్లాస్ కోసి లేపితే లోపలి చెక్క నల్లబడి, నానిన అట్టలా చేతికి ఊడొచ్చింది. పైన పెయింటు మాత్రం చెక్కుచెదరలేదు! అందుకే అన్నాళ్ళూ నాకు తెలియనేలేదు.

షీట్ మీద బీఎస్ 1088 (పడవలకి వాడే మెరైన్ ప్లైవుడ్‌కి బ్రిటిష్ ప్రమాణం) అని ముద్ర ఉంది, అది చూసే మామూలు ప్లైవుడ్ కంటే చాలా ఎక్కువ పెట్టి కొన్నాను. అసలైన మెరైన్ ప్లైవుడ్ లోపలి పొరల్లో బొరియల్లాంటి ఖాళీలు ఉండవు, దాని జిగురు మరిగే నీళ్ళకి కూడా విడిపోదు. మిగిలిన ముక్కని అడ్డంగా కోస్తే వేలిగోరు దూరేంత సందులు కనిపించాయి. గిన్నెలో వేసి గంటసేపు మరిగిస్తే పుస్తకం పేజీల్లా విచ్చుకుంది. అమ్మినాయన్ని అడిగితే ‘మీరు ఎపాక్సీ సరిగ్గా పట్టించలేదండీ’ అన్నాడు.

నిజం చెప్పాలంటే నా తప్పూ ఉంది. మడతబందుల స్క్రూలు నేరుగా చెక్కలోకి బిగించేశాను, నీళ్ళు అక్కడినుంచే దిగాయి. రంధ్రం కావలసినదానికంటే పెద్దదిగా వేసి, చిక్కగా కలిపిన ఎపాక్సీతో నింపి, గట్టిపడ్డాక అందులో మళ్ళీ సన్న రంధ్రం వేయాలి. కోసిన అంచులు నీళ్ళని స్పాంజిలా పీలుస్తాయి కాబట్టి వాటికి కనీసం రెండు మూడు పూతలు పడాలి. మంచి ప్లైవుడ్ అయినా తడి లోపల చిక్కుకుంటే కుళ్ళక మానదు, కాకపోతే సందుల్లేని చెక్కలో నీళ్ళు అంత దూరం పాకవు. నా దాంట్లో నాలుగు స్క్రూల దగ్గర దిగిన నీళ్ళు సగం మూతకి పాకాయి.

కాబట్టి షీట్ కొనేముందు చిన్న ముక్క అడిగి తీసుకోండి, ఇవ్వనంటే అక్కడ కొనకండి. మరిగించి, ఆరబెట్టి, మళ్ళీ మరిగించండి. దాంతో జిగురు సంగతే తేలుతుంది, లోపలి సందుల కోసం నాలుగు అంచులూ లైటు వేసి చూడాల్సిందే.

నేను ప్లైవుడ్ కొన్న చోటే, ఎపాక్సీ బదులు పాలిస్టర్ రెజిన్ (ఫైబర్‌గ్లాస్‌కి వాడే ఇంకో రకం జిగురు) ‘చవక, అదీ ఇదీ ఒకటే’ అని అంటగట్టబోయారు. ఒకటి కాదు. చెక్కని ఎపాక్సీ పట్టుకున్నట్టు పాలిస్టర్ పట్టుకోదు, కొన్నాళ్ళకి పెచ్చులా లేస్తుంది. ఎపాక్సీతో చాప్డ్ స్ట్రాండ్ మ్యాట్ (నేయకుండా గాజుపోగుల ముక్కలు పరిచి అంటించిన చాప) ఇచ్చినా వద్దనండి, అందులో పోగుల్ని కలిపి ఉంచే జిగురు ఎక్కువగా పాలిస్టర్‌లోని స్టైరీన్ అనే ద్రావకానికే కరుగుతుంది, ఎపాక్సీకి కరగక మ్యాట్ బిర్రుగా ఉండిపోయి అంచుల దగ్గర వంగదు. నేసిన క్లాతే అడగండి.

మిగతా రెండు మూతలూ తడితే ఇప్పటికి గట్టిగానే మోగుతున్నాయి. అయినా నమ్మకం లేదు, అవీ అదే షీట్‌లోంచి కోసినవే, ఈ వారం వాటి స్క్రూలు కూడా విప్పి చూస్తాను.