క్యారేజీ పట్టుకొని యుద్ధభూమికి

పోయిన ఆదివారం నెల్లూరులో ఒక ఔత్సాహిక బృందం ప్రదర్శించిన రెండు అనువాద నాటికలను చూసి వచ్చాను. టికెట్టు వంద రూపాయలు. ఆరున్నరకు మొదలు కావలసిన కార్యక్రమం, ముగ్గురు పెద్దలకు శాలువాలు కప్పి, ఆ ముగ్గురూ తలా పది నిమిషాలు ప్రసంగించిన తరువాత ఏడుంబావుకు మొదలైంది. పరిషత్తు (నాటక పోటీల) నాటికలు చూసి పెరిగిన నాబోటివాడికి ఈ ఆలస్యం కొత్త కాదు గనుక ఆ సంగతి ఇంతటితో వదిలేస్తాను.

మొదటిది స్పానిష్ నాటక రచయిత ఫెర్నాండో అర్రబాల్ 1952లో రాయగా 1959లో పారిస్‌లో తొలిసారి రంగస్థలమెక్కిన 'యుద్ధభూమిలో పిక్నిక్'. అర్రబాల్ తండ్రి స్పెయిన్ సైన్యంలో అధికారి. 1936లో ప్రభుత్వం మీద జనరల్ ఫ్రాంకో పక్షం చేసిన తిరుగుబాటుకు ఒప్పుకోనందుకు ఖైదు పాలై, కొన్నేళ్లకు ఆసుపత్రి నుంచి తప్పించుకొని, ఆ తరువాత ఎవరికీ కనబడలేదు. అటువంటి ఇంట్లో పెరిగినవాడు ఇరవయ్యేళ్ల వయసులో యుద్ధం మీద నాటిక రాస్తే అందులో నిప్పులు కురుస్తాయని మనం అనుకుంటాం. కురిసేవి బాంబులే, వాటి కింద మనుషులు మాత్రం తీరిగ్గా భోజనం చేస్తూ ఉంటారు.

జాపో అనే సిపాయి యుద్ధభూమిలో ఒంటరిగా కాపలా ఉంటాడు. బాంబుల మోత ఆగినప్పుడల్లా స్వెటర్ అల్లుకుంటూ ఉంటాడు. ఆదివారం కదా అని అమ్మానాన్నలు భోజనం సర్దుకొని అతణ్ణి చూడటానికి నేరుగా అక్కడికే వచ్చేస్తారు. అనువాదకుడు పేర్లను మార్చకుండా, మాటలను మాత్రం అచ్చమైన నెల్లూరు యాసలో పెట్టడం సాహసమే గాని, ఆ సాహసం ఫలించింది. "ఏంది అబ్బయా, ఇట్టా చిక్కిపోయినావు? ఈళ్ళు నీకు సరింగా కూడు పెడతా ఉండారా, లేదా?" అని తల్లి అడిగినప్పుడు హాలంతా నవ్వింది. ఆమె అడుగుతున్నది మైపాడు బీచికి వచ్చిన కొడుకును కాదనీ, ఏ క్షణాన తల ఎగిరిపోతుందో తెలియని సిపాయిననీ గుర్తుకు రావడానికి రెండు క్షణాలు పట్టింది.

తల్లి వేషం వేసినామె ఆ రాత్రికి అందరినీ మించిపోయింది. క్యారేజీ గిన్నెలను ఒక్కొక్కటిగా విడదీసి, పళ్ళేన్ని కొంగుతో తుడిచి, గోంగూర పచ్చడి గిన్నె మూత తీయబోతుండగా విమానాల మోత మొదలవుతుంది. ఆమె పైకి చూడలేదు, ఉలిక్కిపడలేదు. దుమ్ము పడుతుందని మూత మళ్ళీ పెట్టి, దాని మీద అరచెయ్యి ఉంచి, మోత ఆగేదాకా విసుగ్గా కూర్చుంది. భర్త గొడుగు విప్పి ఇద్దరి నెత్తినా పట్టాడు. ఇందులో ఎక్కడా "ఇది నవ్వవలసిన చోటు" అని ప్రేక్షకుడికి కన్నుగీటడం లేదు. ఈ అసంబద్ధ (అబ్సర్డ్) జాతి నాటికల కీలకమంతా అక్కడే ఉంది: పరిస్థితి ఎంత విపరీతమైనదైనా, అందులోని మనుషులకు అది మామూలు ఆదివారంగానే ఉండాలి.

ఇంతలో జేపో అనే శత్రు సిపాయి దారి తప్పి వచ్చి పట్టుబడతాడు. ఖైదీ మీద కాలు మోపి కొడుకు ఫోటో దిగాలని తండ్రికి సరదా. ఫోటో అయ్యాక అదే ఖైదీకి భోజనం వడ్డిస్తారు. తాను ఇంట్లో ఇస్త్రీ పెట్టె బాగుచేసుకుంటూ ఉండగా ఎవరో వచ్చి యుద్ధానికి పదమన్నారని జేపో చెబితే, తన కథా అచ్చం అదేనని జాపో ఆశ్చర్యపోతాడు. నువ్వు ఆ రోజు బాగుచేసింది కారు కదా అని తల్లి సరిదిద్దుతుంది. శవాల కోసం స్ట్రెచర్ మోసుకొచ్చిన ఇద్దరిలో ఒకతను, గ్యాస్ బండ ఖాళీ అయిందా అని అడిగే కుర్రవాడి గొంతుతో "ఒక్కరైనా పోయారా అండీ?" అన్నప్పుడు నేను నవ్వాను, పక్క కుర్చీలోని పెద్దాయన నవ్వలేదు. ఆయన స్పందనే సరైనదేమోనని ఇంటికి వెళ్ళాక అనిపించింది.

ముగింపులో వాళ్లంతా యుద్ధాన్ని ఆపేద్దామని తీర్మానించుకొని, గ్రామఫోన్ పెట్టుకొని నృత్యం చేస్తూ ఉండగా మిలిటరీ ఫోన్ మోగుతుంది, ఎవరికీ వినబడదు. సరిగ్గా అప్పుడే మూడో వరుసలో ఒకరి సెల్ ఫోన్ కూడా మోగింది. జనమంతా ఆయన వైపు తిరిగి కళ్ళెర్రజేస్తున్న ఆ పది సెకన్లలో వేదిక మీది నలుగురినీ మరతుపాకీ కూల్చేసింది. తిరిగి చూసేసరికి స్ట్రెచర్లు వస్తున్నాయి. దర్శకుడు ఎంత ప్రయత్నించినా ఇంతకంటే బాగా కుదిరించలేడు.

రెండో నాటిక పోలండ్ రచయిత స్లావోమిర్ మ్రోజెక్ 1961లో రాసిన 'నడిసముద్రంలో'. ఓడ మునిగి తెప్ప మీద మిగిలిన ముగ్గురు, లావుపాటివాడు, మధ్యరకంవాడు, బక్కవాడు, తిండి అయిపోవడంతో తమలో ఎవరిని తినాలో ప్రజాస్వామ్య పద్ధతిలో నిర్ణయించాలనుకుంటారు. ఎన్నికల ప్రసంగాలు జరుగుతాయి, ముగ్గురు ఓటర్లకు నాలుగు ఓట్లు పడతాయి, నడిసముద్రంలో ఈదుకుంటూ పోస్ట్‌మాన్ వస్తాడు. తుపాను వచ్చిన ప్రతిసారీ పొట్లాల కోసం వరుసలో నిలబడిన ఈ తీరంలో ఆ ఆకలిని ప్రేక్షకుడికి విడమరచి చెప్పనక్కర లేదు. బక్కవాడి పాత్రధారి తన వంతు వచ్చిందని తెలిసినప్పటి భయం నుంచి, తోటివారి కోసం బలి కావడం ఎంత గొప్పదో తనకు తానే నచ్చజెప్పుకునే ఉత్సాహం దాకా మెట్టు మెట్టుగా నడిచిన తీరు నిజంగా మెచ్చుకోదగ్గది. లావుపాటివాడు మాత్రం పైన వేలాడే మైకు కిందికి వచ్చి, పంచ్ డైలాగు విసిరి, చప్పట్ల కోసం ఆగే పరిషత్తు అలవాటును మానుకోలేకపోయాడు.

అసలు చిక్కు చివరలో వచ్చింది. మూలంలో, తినడానికి అంతా సిద్ధమయ్యాక మాంసం, బఠాణీలు ఉన్న డబ్బా ఒకటి దొరుకుతుంది. దాన్ని దాచెయ్యమంటాడు లావుపాటివాడు. బక్కవాడు ఇలాగే సంతోషంగా ఉన్నాడు కదా అంటాడు. నాటిక అంతే. ఈ బృందం దానికి తృప్తిపడక, దీపాలన్నీ వెలిగించి, ముగ్గురినీ వేదిక ముందుకు నడిపించి, పేదవాడి త్యాగం మీద నాలుగు నిమిషాల ఉపన్యాసం చెప్పించింది. చప్పట్లు బాగానే పడ్డాయి. అంతవరకూ గొంతులో అడ్డుపడి ఉన్న నవ్వు కాస్తా ఆ చప్పట్లతో కరిగిపోయింది.

ఇవే నాటికలను త్వరలో ఒంగోలులో వేస్తామని చివరలో ప్రకటించారు. మొదటిదాని కోసం ప్రయాణం పెట్టుకోవచ్చు. రెండోదానికి కూర్చునేవారు, డబ్బాను దాచెయ్యమన్న మాట వినబడగానే లేచి బయలుదేరితే రాత్రి బస్సు అందుతుంది.